బండి వెళ్లిపోయింది... బుక్కు వెళ్లలేదు!

పాత ట్రాక్టరు బేరం చూడాలంటే పల్లెటూళ్లోనే చూడాలి. కొనేవాడు ఒక్కడే రాడు. వెంట ఓ మెకానిక్కు, ఓ బావమరిది, బేరం తెగ్గొట్టడంలో చెయ్యి తిరిగిన ఓ పెద్దమనిషి వస్తారు. ఇంజను స్టార్ట్ చేయించి పొగ ఏ రంగులో వస్తోందో చూస్తారు. ఆయిల్ పుల్ల తీసి వేళ్లమధ్య రుద్దుతారు. హైడ్రాలిక్ బరువు లేపుతోందా, క్లచ్ జారుతోందా, వెనక టైర్లు ఎంత అరిగాయి... రెండు గంటలు పరీక్షే పరీక్ష. చివరికి ఓ పదివేల దగ్గర బేరం బిగుసుకుంటుంది. ‘నీ మాటా వద్దు, అతని మాటా వద్దు’ అంటూ పెద్దమనిషి ఆ పదివేలను చెరి సగం చేసేస్తాడు. టీలు వస్తాయి. డబ్బు చేతులు మారుతుంది. అంతా లేచి నుంచున్నాక అప్పుడు ఎవరికో గుర్తొస్తుంది.

‘బాబాయ్, ఆ సి-బుక్కు కూడా ఇచ్చెయ్యరాదూ!’

బీరువాలోంచి బుక్కు బయటికొస్తుంది. ఖాళీ ఫారాలమీద నాలుగు సంతకాలు పడతాయి. ‘పేరు నిదానంగా మార్పించుకుంటాలే బాబాయ్’ అంటాడు కొన్నవాడు. ‘అట్లాగే కానియ్ అబ్బాయ్’ అంటాడు అమ్మినవాడు. ఇంజనుకు రెండు గంటలు, బుక్కుకు రెండు నిమిషాలు!

ఆ ‘నిదానం’ చాలాసార్లు రాదు. కొన్నవాడు రెండు సీజన్లు దున్నుకుని ఇంకొకరికి అమ్మేస్తాడు. అవే ఖాళీ ఫారాలు బండితోపాటు ఆ చేతికి వెళతాయి. అక్కణ్నుంచి ఇంకో చేతికి. మధ్యవర్తులకైతే ఇది మరీ వీలు. తమ పేరు ఎక్కడా ఎక్కకుండానే కొనడం, అమ్మడం రెండూ జరిగిపోతాయి. ఫారాలు నింపని ఆ బండి ఏ మలుపులోనో ఎవరినో గుద్దిందనుకోండి... మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్ నుంచి నోటీసు వచ్చేది, ఎప్పుడో అమ్మి మరిచిపోయిన మొదటి బాబాయ్ ఇంటికే!

ఇంతకీ యజమాని ఎవరు?

ఊరు దృష్టిలో డబ్బిచ్చి బండి తోలుకెళ్లినవాడే యజమాని. అది మరీ తప్పు కూడా కాదు. ట్రాక్టరైనా కారైనా అదొక వస్తువు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం ఇద్దరూ అనుకుని, సరుకు అప్పగించి పుచ్చుకుంటే అమ్మకం అయిపోయినట్టే. గొడవొస్తే కొన్నవాడు కోర్టుకెళ్లి ‘బండి నాది’ అని నిరూపించుకోవచ్చు.

కానీ రోడ్డెక్కిన బండికి ఇంకో చట్టం ఉంది. 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన 1988 మోటారు వాహనాల చట్టం. అందులో 2(30) సెక్షన్ యజమాని అనే మాటకు అర్థం చెబుతుంది. ఎవరి పేరున బండి రిజిస్టరై ఉందో వారే యజమాని. అంతకుముందున్న 1939 చట్టంలో ఇంత సూటిగా ఈ మాట లేదు. పార్లమెంటు తెలిసే మార్చింది. ఎందుకంటే ప్రమాదంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాడు, కొడుకుని పోగొట్టుకున్న తల్లి... బండి ఎన్ని చేతులు మారిందో, చివరి చెయ్యి ఎవరిదో తేల్చుకుంటూ ఊళ్లు తిరగలేరు కదా!

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. 2009లో జరిగిన ఓ ప్రమాదం కేసది. కారు అప్పటికే ఒకరి తర్వాత ఒకరికి అమ్ముడుపోయింది. ఆర్‌సీలో మాత్రం మొదటి వ్యక్తి పేరే ఉంది. బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని ట్రైబ్యునల్ అంది. కాదు, చివరగా కొన్నవాడిదని హైకోర్టు అంది. ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ట్రైబ్యునల్ మాటనే నిలబెట్టింది. తాను అమ్మేశానని చెప్పుకున్నంత మాత్రాన రిజిస్టర్డ్ యజమాని తప్పించుకోలేడని తేల్చేసింది. ప్రమాదం జరిగిన రోజున అతను ఆ కారు దరిదాపుల్లో కూడా లేడు!

పరిహారం వరకే కాదు. ట్రాఫిక్ చలాన్లు రిజిస్టర్డ్ యజమానికే వస్తాయి. బండి దొంగసరుకు రవాణాలో దొరికినా, ఇంకేదైనా నేరంలో పట్టుబడినా పోలీసులు ముందుగా తలుపు కొట్టేది ఆ ఇంటినే. 2025 నవంబరు 10న దిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు విషయంలోనూ దర్యాప్తు మొదలైంది ఆర్‌సీలో పేరున్న గురుగ్రామ్ వ్యక్తి దగ్గర్నుంచే. ఆయన దాన్ని ఎప్పుడో అమ్మేశారు. అక్కణ్నుంచి చేతులు మారుతూ పోయింది.

అమెరికాలో మనవాళ్లు కారు అమ్మేటప్పుడు ‘టైటిల్’ అనే కాగితంమీద సంతకం చేసి ఇస్తారు. అక్కడ యాజమాన్య పత్రం వేరు, రిజిస్ట్రేషన్ వేరు. పొలం పనికే పరిమితమయ్యే ట్రాక్టర్లకు చాలా రాష్ట్రాల్లో ఆ రెండూ అక్కర్లేదు. మనకు ఆ విడివిడి కాగితాలు లేవు. ఆర్‌సీ, వాడుకలో సి-బుక్కు, ఒక్కటే. పొలంలో తిరిగే ట్రాక్టరుకైనా రోడ్డు దాటాలంటే అది ఉండాల్సిందే.

పద్నాలుగు రోజుల లెక్క

అమ్మినవాడు చేయాల్సింది చట్టంలో స్పష్టంగా ఉంది. చాలామందికి తెలియనిదీ అదే. పేరు మార్పించుకోవడం కొన్నవాడి పని, మనకేం సంబంధం అనుకుంటారు. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా ఆ సంగతి రవాణాశాఖకు తెలియజేయాల్సింది అమ్మినవాడే. దానికి 29వ నంబరు ఫారం. కొన్నవాడు 30వ నంబరు ఫారంతో 30 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. ఈ రెండు ఫారాలమీదే ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేది! తేదీ లేని, కొనేవారి పేరు లేని 29వ ఫారం అమ్మినవాడికి రక్షణ ఇవ్వదు సరికదా, ఎవరి పేరైనా రాసుకునే వీలు ఎదుటివారికి ఇస్తుంది.

సమాచారం ఇచ్చి ఊరుకున్నా చాలదు. ఆర్‌సీలో పేరు మారితేనే బాధ్యత మారేది. అందుకే కొందరు తెలివైనవాళ్లు ఓ పద్ధతి పాటిస్తారు. బేరంలో ఐదో పదో వేలు ఆపుతారు. ఆపేది కొన్నవాడు కాదు, అమ్మినవాడు! పేరు మారిన ఆర్‌సీ చూపిస్తే తిరిగిచ్చేలా కొన్నవాడి దగ్గర ఆ డబ్బు అదనంగా తీసుకుని ఉంచుకుంటారు. ఊళ్లో కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. ‘నామీద నమ్మకం లేదా అన్నా’ అంటారు. నమ్మకం వేరు, పేరు వేరు.

ఇంజనుకో నంబరు... ట్రక్కుకో నంబరు

కారుకూ బైకుకూ లేని తిరకాసు ట్రాక్టరుకు ఒకటుంది. చట్టం లెక్కలో ట్రాక్టరంటే లాగేదే తప్ప మోసేది కాదు. తనంతట తాను సరుకు మోసేలా తయారుకాని వాహనమని నిర్వచనం. మోసేది వెనకున్న ట్రక్కు. తెలంగాణలో ట్రాలీ అంటారు. దానికి ఇంజను లేదు, స్టీరింగు లేదు. అయినా చట్టం దృష్టిలో అదీ ఓ మోటారు వాహనమే! దానికీ విడిగా రిజిస్ట్రేషన్, విడిగా నంబరు, విడిగా ఆర్‌సీ. ట్రక్కు సొంత నంబరు పక్కన రాయించాలి. వెనకవైపు మాత్రం లాగుతున్న ట్రాక్టరు నంబరు కనిపించాలి. ఓ ట్రాక్టరు వెనక వెళుతూ గమనించండి, రెండు నంబర్లు ఎందుకున్నాయో తెలుస్తుంది.

బేరాల్లో దెబ్బతినేది ఇక్కడే. ‘బండీ ట్రక్కూ కలిపి ఇంత’ అని మాట్లాడుకుంటారు. ఇంజను బుక్కు ఇస్తారు, తీసుకుంటారు. ట్రక్కు బుక్కు ఊసే రాదు. ఒక్కోసారి ఆ ట్రక్కు ఏ వెల్డింగ్ షాపులోనో చేయించినదై ఉంటుంది. దానికసలు రిజిస్ట్రేషనే ఉండదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపినప్పుడు కట్టే జరిమానా కాదు అసలు భయం. బీమా!

కూలీలతో వెళుతున్న ట్రక్కు తిరగబడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలంలో మిరప కోతకు వెళుతున్న ఆడకూలీల ట్రాక్టరు కాల్వలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మరో ట్రాక్టరు కాల్వలోకి పల్టీ కొట్టి 15 మంది ప్రాణాలు పోయాయి. ట్రక్కు మనుషుల కోసం కాదు. వ్యవసాయానికని తీసుకున్న పాలసీ అందులో కూర్చున్నవాళ్లకు వర్తించదని బీమా కంపెనీలు వాదిస్తాయి. కోర్టుల్లో ఆ వాదన చాలాసార్లు నిలుస్తుంది కూడా.

2007లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఇటుకబట్టీకి మట్టి తోలే ట్రాక్టరు ట్రాలీలో ఉన్న ఓ కూలీ గాయపడ్డాడు. ట్రాక్టరుకు బీమా ఉంది, అదీ వ్యవసాయానికే. ట్రాలీకి బీమా లేదు. కంపెనీ బాధ్యత లేదని కోర్టు ఒప్పుకుంది. అయితే ఆ కూలీ పేదరికం చూసి, పరిహారం కంపెనీయే ముందు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని తన ప్రత్యేక అధికారంతో ఆదేశించింది. కూలీకి కొంత ఊరట. యజమానికి మాత్రం..? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టరును రవాణా వాహనం కాదనే రాశారు. కాబట్టి రైతుకు పర్మిట్ బాధ ఉండదు. అదే బండి కిరాయికి ఇసుకా ఇటుకా తోలడం మొదలుపెడితే లెక్క మారిపోతుంది. మన ఊళ్లలో ఉదయం దున్ని సాయంత్రం ఇసుక తోలే ట్రాక్టర్లు ఎన్నో అందరికీ తెలిసిందే. పాత బండి కొనేవాడు అది ఎలా రిజిస్టరైందో, తాను దేనికి వాడబోతున్నాడో రెండూ సరిచూసుకోకపోతే, కట్టిన ప్రీమియం కాల్వలో పోసినట్టే.

అప్పు తీరింది... పేరు పోలేదు

ట్రాక్టర్లలో ఎక్కువశాతం అప్పుమీదే వస్తాయి. అప్పిచ్చిన బ్యాంకు పేరు ఆర్‌సీలో ఎక్కుతుంది. వాయిదాలన్నీ కట్టేసి, బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకుని రైతు నిశ్చింతగా ఉంటాడు. 35వ నంబరు ఫారంతో రవాణాశాఖ ఆఫీసుకెళ్లి ఆ పేరు తీయించుకోవాలని ఎవరూ చెప్పరు. పదేళ్ల తర్వాత అమ్మబోతే ఆర్‌సీలో ఆంధ్రా బ్యాంకు అనో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అనో కనిపిస్తుంది. ఒకటి 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రెండోది 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. లేని బ్యాంకు నుంచి లేదన్న కాగితం తేవాలి! కంగారుపడాల్సిన పనిలేదు. విలీనం చేసుకున్న బ్యాంకే ఆ కాగితం ఇస్తుంది. కాకపోతే పాత ఖాతా నంబరు, చివరి వాయిదా రసీదు ఉంటే పని తొందరగా అవుతుంది. దేవుడి పటం వెనక వెతకాల్సింది అవే.

అప్పు ఎగ్గొట్టిన బండ్లను ఫైనాన్స్ కంపెనీలు పట్టుకొచ్చి యార్డుల్లో వేలం వేస్తుంటాయి. చవగ్గా వస్తాయని ఎగబడతారు. యజమాని ఆర్‌సీ ఇవ్వకపోతే 36వ నంబరు ఫారంతో కంపెనీ తన పేరున కొత్త ఆర్‌సీ తెచ్చుకునే వీలుంది. అది తెచ్చాకే కొనడం క్షేమం. ‘ఆర్‌సీ తర్వాత పంపిస్తాం సార్’ అంటే ఆ చవక చవక కాదు.

జగ్గయ్యపేట టు కోదాడ

జగ్గయ్యపేటలో కొన్న పాత ట్రాక్టరును కోదాడకు తోలుకెళ్లడం 2014కు ముందు పెద్ద విషయం కాదు. ఏపీ 16 కృష్ణా, ఏపీ 24 నల్గొండ. రెండూ ఒకే రాష్ట్రం. ఆ ఏడాది జూన్ 2 నుంచి మధ్యలో సరిహద్దు వచ్చింది. బండి ఓ అరగంటలో దాటుతుంది. కాగితం దాటాలంటే మాత్రం అమ్మినచోటి రవాణాశాఖ నుంచి ఎన్‌వోసీ కావాలి. దరఖాస్తు పెట్టుకున్న 30 రోజుల్లో ఔననీ కాదనీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్ చెబుతుంది. అందుకే దరఖాస్తు అందినట్టు రసీదు పారేయకూడదు. ఇలాంటి అమ్మకాన్ని తెలియజేయడానికి అమ్మినవాడికి 45 రోజుల గడువు. కొత్త రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. కారైతే అక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా చూసుకోవాలి. వరికోతలకు పంజాబ్ నంబరు ప్లేట్లతో వచ్చే హార్వెస్టర్లు సీజనయ్యాక వెళ్లిపోతాయి కాబట్టి ఈ బాధ లేదు. అదే హార్వెస్టరును ఇక్కడివాళ్లు కొని ఉంచేసుకుంటే మాత్రం ఉంటుంది.

ఓ అనుమానం చాలామందిని పీడిస్తూ ఉంటుంది. తెలంగాణలో పాత ఏపీ నంబరు చెల్లుతుందా అని. చెల్లుతుంది. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడూ కొత్త బండ్లకే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లా నంబర్లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పే సరదా దాంతో తీరిపోయింది!

నాన్న పేరుమీది బండి

ఇంటిపెద్ద చనిపోతే పొలం పాసుబుక్కుల గురించి ఆలోచిస్తారు. చావిడిలో నిలబడున్న ట్రాక్టరు గురించి ఎవరికీ తట్టదు. అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు నడుపుతూనే ఉంటారు. చనిపోయిన 30 రోజుల్లోగా రవాణాశాఖకు తెలియజేస్తే మూడు నెలలపాటు ఆ పేరుమీదే నడుపుకోవచ్చు. ఆలోగా 31వ నంబరు ఫారంతో వారసుడి పేరు ఎక్కించుకోవాలి. మిగతా వారసుల అంగీకారం దగ్గరే సాధారణంగా బండి ఆగేది. అక్కచెల్లెళ్ల సంతకాలు కావాల్సినచోట పాత తగాదాలన్నీ లేస్తాయి. 2021 నుంచి ఆర్‌సీలోనే నామినీ పేరు రాయించుకునే ఏర్పాటు వచ్చింది. బ్యాంకు ఖాతాకు నామినీ పెట్టినంత తేలిక. అయినా వాడుకుంటున్నవారు తక్కువే.

కొనేవాడి మూడో గంట

ఇంజను చూసే రెండు గంటలకు ఇంకో గంట కలిపితే చాలు. ముందు ఛాసిస్ నంబరు. దానిమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు అచ్చవుతాయి. ఆ కాగితాన్ని ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అంకె చూడాలి. ఇంజను నంబరూ అంతే. ఇంజను మార్చిన బండయితే ఆ మార్పు ఆర్‌సీలో రాయించి ఉండాలి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బీమా, అప్పు వివరాలు కనిపిస్తాయి. దొంగబండి అవునో కాదో జాతీయ నేర రికార్డుల సంస్థ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. అది దాటిన బండిని ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. చవగ్గా వచ్చే పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఈ గడువు తీరిపోయి ఉంటుంది. ఆ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.

షోరూములో పాత బండ్లమ్మే డీలరైతే ఇంకో ప్రశ్న అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డీలర్లు రవాణాశాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. మన బండిని వాళ్లకిచ్చేటప్పుడు 29సి ఫారంతో ఆన్‌లైన్లో ఆ సంగతి తెలియజేస్తే, అప్పట్నుంచి డీలరే యజమాని కింద లెక్క. పేరు మారేదాకా ఎవరి నెత్తిన ఉంటుందో తెలియని బాధ్యతకు అదో దారి. చెట్టుకింద బేరాలకు అది లేదు.

బీమా సంగతి మరిచిపోతుంటారు. పేరు మార్పుతో బయటివాళ్లకు నష్టం జరిగితే చెల్లించే భాగం కొన్నవాడికి దానంతటదే వస్తుంది. 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీలో పేరు మార్పించుకోవాలి. సొంత బండికి దెబ్బ తగిలితే వచ్చే డబ్బు మాత్రం అలా రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇదే సూత్రం ఓసారి ఎదురు తిరిగింది కూడా. ఓ లారీ అమ్మకం ఒప్పందమై, పేరు మారకుండానే ప్రమాదం జరిగింది. ‘మీరు అమ్మేశారుగా, మీకు క్లెయిమ్ లేదు’ అంది బీమా కంపెనీ. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని కాబట్టి కట్టాల్సిందేనని 2020లో సుప్రీంకోర్టు ఆ కంపెనీకి చెప్పింది!

ఇక బండి అప్పగించే రోజు రాసుకునే డెలివరీ కాగితంలో తేదీ ఒక్కటే వేస్తే సరిపోదు. టైము కూడా రాయాలి, ఉదయమో సాయంత్రమో స్పష్టంగా. ఆ సాయంత్రమే ఏదైనా జరిగితే పోలీసులు అడిగే మొదటి ప్రశ్న అదే. కొన్నవాడి ఆధార్ నకలు, ఫోన్ నంబరు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, 29వ ఫారంలో అన్ని గళ్లూ నింపి, ఓ జిరాక్స్ దాచుకోవాలి. ట్రక్కు ఉంటే దానికీ వేరే సెట్టు.